పైపెట్టె మర్యాద

వీరవెంకటరమణగారి స్టూడియోలో నేను రెండేళ్లపాటు ఒక నాబు తిప్పాను. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, సంగీతం తెలిసినవాడిలా మొహం పెట్టి మరీ తిప్పాను. ఆ నాబున్న పెట్టెకి వెనక తీగలే లేవని మూడో ఏడు తెలిసింది. ఆ రోజు వచ్చిన కోపం నాకింకా పూర్తిగా పోలేదు. అందుకని ఈయన గురించి రాసేదాంట్లో కాస్త కారం ఎక్కువైతే చదివేవాళ్లు సర్దుకోవాలి.

నా పేరు రవిశంకర్. ఏలూరులో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. జీతానికి తోడుగా చేపల మేత కంపెనీలకి ఆటో ప్రచారాలు, కొల్లేటి ఊళ్ల జాతరలకి పాటలు రాస్తాను. అవన్నీ రమణగారి దగ్గరే రికార్డవుతాయి. స్టూడియో పవర్‌పేటలో చీరల కొట్టు పైన మేడ మీద ఉంది. పక్కనే రైలు కట్ట. గోడలకి ఎంత దూది కుక్కినా గూడ్సు వస్తే రికార్డింగు ఆపాల్సిందే. "మాస్టారూ, ఇంకో నాలుగు నిమిషాల్లో బండండీ, ఈలోపు పల్లవి లాగించెయ్యాలండీ" అంటాడు ఆయన, గడియారం కూడా చూడకుండా.

ఆయనది తాడేపల్లిగూడెం. తండ్రికి ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు. పెద్దకొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడని తండ్రి అనుకుంటే, ఈయన పదిహేడో ఏట మైకు సెట్టు వాళ్ల వెంటపడి పెళ్లి పందిళ్ల మీద హారన్లు కట్టడానికి పోయాడు. కొట్టు నుంచి ఆయన తెచ్చుకున్నదల్లా ఒకటే, దేన్నైనా చేత్తో తాకి చూస్తేగానీ నమ్మకపోవడం. కంప్యూటరు మీద ఆయనకి కోపమేమీ లేదు. రికార్డింగంతా దాంట్లోనే చేస్తాడు. కానీ పాటకి తుది మెరుగు మాత్రం ఇనప ర్యాకులో బిగించిన పాత ఈక్వలైజరు మీద పెట్టాల్సిందే. ఈక్వలైజరంటే పాటలోని బరువునీ, సన్నదనాన్నీ, మధ్యలో ఉండే పదునునీ వేరువేరుగా పెంచి తగ్గించే పెట్టె. "ఇవే నాబులు కంప్యూటర్లో బొమ్మలుగా ఉన్నాయి కదండీ" అని నేనొకసారి అంటే, "బస్తాలో చెయ్యి పెట్టి చూడాలండీ మాస్టారూ, ఫొటో చూసి ఉల్లిపాయలు కొంటామా అండీ" అన్నాడు.

ఆ ర్యాకులో పెట్టెలు రెండు. కిందది అరిగిపోయింది, అంకెలు చెరిగిపోయాయి, మూత పడుతున్న మద్రాసు స్టూడియో ఒకదాంట్లో కొన్నది. అసలు పని దానిదే. పైది అందగత్తె. వెడల్పాటి నాబులు, వరసగా వెలిగే పచ్చ దీపాలు. ముచ్చటపడి కొన్నాడు గానీ దాని శబ్దం ఆయన చెవికి ఎక్కలేదు. కరెంటు ఇచ్చాడు, దీపాలు వెలిగాయి, పాట మాత్రం దాని గుండా పోదు. అది అతిథుల కోసం.

ఎందుకంటే స్టూడియోకి పాడేవాళ్లు ఒక్కరే రారు. వాళ్ల బావగారు వస్తాడు, డబ్బు పెట్టినాయన వస్తాడు, డబ్బు పెట్టినాయన తోడల్లుడు వస్తాడు. సోఫాలో కూర్చుని కాఫీ తాగి, ప్రతివాడూ అనే మాట ఒకటే: "కొంచెం బేసు పెంచండి." రమణగారు పుట్టాక ఎవరికీ కాదని చెప్పిన మనిషి కాదు. "అలాగేనండి, మీరే తిప్పండి" అని పైపెట్టె చూపిస్తాడు. వాళ్లు తిప్పుతుంటే తను కిందపెట్టెని వెంట్రుకవాసి కదుపుతాడు. ఏదో మారినట్టు వినిపిస్తుంది. వాళ్లు తృప్తిగా వెళ్లిపోయాక కిందదాన్ని మళ్లీ దాని చోటుకి తెస్తాడు.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందంటే, కలం దొర్లి ర్యాకు వెనక పడింది. వంగి చూస్తే పైపెట్టె వీపు నున్నగా, ఒక్క తీగ లేకుండా ఉంది. నేను లేచి నిలబడి ఏమన్నానో ఇక్కడ రాయను, తెలుగు మాస్టారిని. ఆయన మాత్రం ఏ మాత్రం తొణకలేదు.

"మర్యాదండీ మాస్టారూ. పెద్దమనిషి నోరు తెరిచి అడిగితే వద్దండని ఎలా అంటామండీ?"

"నన్ను రెండేళ్లు వెధవని చేశారు కదండీ!"

"అలా అనకండి. మీరు తిప్పిన ప్రతిసారీ ఇప్పుడు అద్భుతంగా ఉందన్నారండీ. నేను కాదనలేదు కూడానూ."

ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. సిగ్గుకొద్దీ నేనూ వేశాను. కింద చీరల కొట్టు నడిపే భార్య రత్నాంబగారికి కూడా చెప్పలేదట. ఆవిడకి చెబితే చీరల కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పినట్టేనని ఆయన భయం.

ఆ పైపెట్టెని నాకంటే ఎక్కువగా నమ్మిన మనిషి ప్రసూనగారు. గుండుగొలనులో ఒక స్కూల్లో సంగీతం టీచరు. నలభై దాటాయి. ఆరేళ్లుగా బస్సెక్కి ఏలూరొచ్చి, ఇంకొకళ్ల ఆల్బముల్లో వెనక వరసలో పాడి, మంగళహారతులు పాడి, పేరు లేకుండా ఇంటికెళ్లే మనిషి. గొంతులో చిన్న జీర ఉంది. పై స్థాయికి వెళ్లినప్పుడు ఆ జీరే ఒక పదునుగా మారి ఎదటివాడి చెవి పట్టుకుంటుంది. నాకు ఆ గొంతంటే ప్రాణం. రమణగారికి అది దోషం. పాటంటే పాలకోవాలా మెత్తగా ఉండాలని ఆయన మతం. అందుకని ప్రతిసారీ కిందపెట్టె మీద ఆ జీరని శుభ్రంగా తీసేసేవాడు.

"నా గొంతు కాస్త నాలాగే వినిపించేట్టు చూడండి రమణగారూ" అని ఆవిడ అడిగేది.

"అలాగేనండి, మీరే తిప్పండమ్మా" అనేవాడు ఈయన.

ఆవిడ జాగ్రత్తగా, వేళ్లతో వింటున్నట్టు తిప్పేది. పది రోజుల తర్వాత వచ్చి, "ఇక్కడ విన్నది ఇంటికెళ్లాక వినపడట్లేదండీ" అనేది. "ఇంటి స్పీకర్లు అలాంటివండీ" అని ఈయన. నాకు నిజం తెలుసు. ఒట్టు ఉంది కదా అని నోరు మూసుకున్నాను. ఈ కథలో నా వంతు తప్పు అదే, ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను.

కిందటి దసరాకి ఆయుధపూజ వచ్చింది. ఏటా ఆ రోజు రత్నాంబగారు పసుపు కుంకాల పళ్లెంతో పైకొచ్చి మైకులకీ, స్పీకర్లకీ, మౌసుకి కూడా బొట్టు పెడతారు. రమణగారు పూలు కొనడానికి వెళ్లిన ఆ గంటలో ఆవిడ ర్యాకు వెనక దుమ్ము చూసి ఊరుకోలేకపోయారు. కిందపెట్టెకున్న నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికీ కుంకుమ పెట్టి, తిరిగి పెట్టబోతూ ఆగారు. ఇవి ఏ పెట్టెవి? ఆవిడకి తెలిసింది ఒక్కటే. వచ్చిన ప్రతి పెద్దమనిషీ నిలబడి తిప్పేది పైపెట్టెని. దీపాలున్నదీ అదే. పనిచేసేది అదే అయ్యుండాలి. నాలుగూ పైదానికి పెట్టి, దండం పెట్టుకుని కిందికి దిగిపోయారు.

అంటే ఆ రోజు నుంచి అతిథులు తిప్పేదే నిజమైన నాబు, రమణగారు తిప్పేది ఉత్తది. ఇది మాలో ఎవరికీ తెలియదు. తను రోజూ ఎలా చేస్తాడో అలాగే చేస్తున్నాడు ఆయన. అతిథి పైది తిప్పుతాడు, ఈయన కిందది కదుపుతాడు, శబ్దం మారుతుంది, అది తన చేతి చలవే అనుకుంటాడు. అతిథి వెళ్లాక కిందదాన్ని వెనక్కి తిప్పి, హాయిగా విని, "ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది" అంటాడు. ఏమీ రాలేదు. నలభై ఏళ్ల అనుభవమున్న చెవి, తనకి కావాలనుకున్నది తనే వినిపించుకుంది.

దసరా వెళ్లిన వారానికి ప్రసూనగారు వచ్చారు. విజయవాడలో ఒక ఆడియో కంపెనీవాళ్లు పాతకాలపు ఆడవాళ్ల పాటలు పదింటితో ఆల్బం తీయాలనుకుంటూ నమూనాకి ఒక పాట అడిగారు. కుదిరితే అట్ట మీద మొదటిసారి ఆవిడ పేరు, ఆవిడ ఒక్కరి పేరే. అప్పగింతల పాట ఒకటి పాడారు. ఎప్పట్లాగే పైపెట్టె తిప్పారు. ఎప్పట్లాగే ఆవిడ వెళ్లాక రమణగారు కిందపెట్టె మీద జీర తీసేశానని అనుకుని, పాట పంపించాడు.

కంపెనీవాళ్లు ఫోను చేసినప్పుడు మేం ముగ్గురం స్టూడియోలోనే ఉన్నాం. స్పీకరు ఆన్ చేశాడు. "ఇలాంటి గొంతు ఈ మధ్య వినలేదండి. ఇదే శబ్దంతో పదీ కావాలి. మొదటి పాట వచ్చే వారం శుక్రవారం సాయంత్రం అయిదుకి అందాలి. అచ్చం ఇలాగే ఉండాలి సుమా. తేడా వస్తే మాకు ఇక్కడ ఇంకో గాయని సిద్ధంగా ఉంది" అన్నాడు అవతలాయన. ప్రసూనగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రమణగారు అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు.

"గాత్రం సంగతి సరేనండీ, దాన్ని ఆ పాకానికి తీసుకురావడం మాత్రం చేతిపనండీ. పాడినవాళ్లు ఏదో తిప్పుతారండీ, మేం తర్వాత సరిచేసుకోవాలండీ" అని ఫోనులోకి చెప్పాడు, ఆవిడ ఎదురుగానే.

ప్రసూనగారి మొహం వాడిపోయింది. మర్నాడు కొబ్బరి లౌజు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "ఇన్నేళ్లూ నా చెవే సరైందనుకున్నానండీ. మీరు సరిచేయబట్టి ఒక దారి దొరికింది" అన్నారు. ఆయన తీసుకున్నాడు. నాకూ రెండు ముక్కలు పెట్టాడు. తిన్నాను, నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఆకివీడు నుంచి చేపల మేత కంపెనీ మేనేజరు తాతాజీ వచ్చాడు. "మన ఆటో గట్టు మీద వెళ్తుంటే చెరువులో చేప తలెత్తి చూడాలండీ" అని పైపెట్టె బేసు నాబు చివరిదాకా తిప్పి వెళ్లాడు. ఆ వారం ఆకివీడులో ఆటోలు దడదడలాడిపోయాయని చెప్పుకున్నారు.

చెప్పిన వారం వచ్చింది. ప్రసూనగారు బుధవారం వచ్చి మొదటి పాట పాడి, ఈసారి పైపెట్టె ముట్టుకోకుండానే వెళ్లారు. ఈ ఇనప పెట్టెలకి కంప్యూటర్లలాగా జ్ఞాపకం ఉండదు. ఒకసారి నాబు కదిలిందంటే పాత అమరిక పోయినట్టే. అందుకని రమణగారు ప్రతి పాటకీ కిందపెట్టెని ఫోనుతో ఫొటో తీసుకుంటాడు. పైపెట్టెకి ఫొటో ఎందుకు తీస్తాడు, పాపం. అప్పగింతల పాటనాటి ఫొటో చూసి కిందపెట్టె నాబుల్ని అచ్చంగా అలాగే పెట్టాడు. పాట మాత్రం కుండలో కూర్చుని పాడినట్టు వచ్చింది.

శుక్రవారం ఉదయం పదింటికి నేను వెళ్లేసరికి ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. రెండు రోజులుగా నిద్ర లేదు.

"ఫొటోలో ఉన్నట్టే ఉందండీ మాస్టారూ. పాటే అలా లేదండీ."

కోపమొచ్చి బేసు నాబు ఈ చివరి నుంచి ఆ చివరికి గిర్రున తిప్పాడు. ఏమీ మారలేదు. ఇంకోటి తిప్పాడు. అన్నీ తిప్పాడు. పాట తన దారిన తను పోతోంది. ఆయన నావైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఫోను లైటు వేసుకుని మోకాళ్ల మీద ర్యాకు వెనక్కి దూరాడు. కుంకుమ బొట్లు పెట్టుకున్న నాలుగు ప్లగ్గులు పైపెట్టె వీపున కుదురుగా కూర్చుని ఉన్నాయి.

నేను నవ్వాను. సోఫాలో పడి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నాకేం జాలి కలగలేదు. ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు.

"దసరా నుంచీనా అండీ?"

"దసరా నుంచేనండీ. 'ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది' అన్నారు, ఎన్నిసార్లన్నారో మీకే తెలియాలి."

"అయితే ఆ పాట..."

"ప్రసూనగారిదండీ. పాడిందీ ఆవిడే, తిప్పిందీ ఆవిడే."

అప్పుడు మాత్రం నా నవ్వు ఆగిపోయింది. ఆ అమరిక ఎక్కడా రాసిపెట్టి లేదు, తాతాజీగారి చేత్తో తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని మళ్లీ పట్టుకోగలిగింది ఆవిడ చెవి ఒక్కటే.

అయినా మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? అయిదు నిమిషాల్లో తేరుకున్నాడు. తీగలు ఎలా ఉన్నవి అలాగే ఉంచేసి, ఆవిడని పిలిచి, మామూలుగా "మీరే తిప్పండమ్మా" అంటే సరిపోతుందట. చెప్పాల్సిన అవసరమే లేదట. "ఎవరికీ నొప్పి ఉండదండీ" అన్నాడు. నాకు అసహ్యం వేసింది. కానీ పని జరిగిపోతుందని అనిపించింది కూడా.

ఆవిడ ఒక పూట సెలవు పెట్టి రెండింటికల్లా వచ్చారు. రమణగారు కుర్చీ తుడిచి, పైపెట్టె ముందుకి జరిపాడు.

"ఒకసారి ఇది తిప్పండమ్మా."

"వద్దండీ. మీరే తిప్పండి."

"అయ్యో, మీరు తిప్పండమ్మా. మీ పాట కదండీ."

"లేదండీ. నేను తిప్పితే చెడిపోతుంది. మీరు సరిచేస్తేనే కదండీ కుదిరింది. మీ చెయ్యే పడాలండీ."

"ఊరికే, సరదాకి..."

"అయిదుకల్లా పంపాలి రమణగారూ, సరదాలేంటండీ!" ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నారు. "నా చెవి మీద నాకు నమ్మకం పోయిందండీ. స్కూల్లో పిల్లలకి శ్రుతి చెప్పాలన్నా భయమేస్తోంది. మీకు పుణ్యముంటుంది, నన్ను ముట్టుకోమనకండి."

నాలుగు కావొచ్చింది. మీరు తిప్పండంటే మీరు తిప్పండని ఇద్దరూ దండాలు పెట్టుకుంటున్నారు. రమణగారు నావైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఇన్నేళ్లు ఆయన ఒట్టు మోశాను, ఆయన మాట కూడా నేనే మోయాలా?

"ప్రసూనగారూ," అన్నాడు చివరికి, నేల చూస్తూ, "ఆ పాట నేను చేయలేదండీ. మీరు చేశారండీ." మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. మర్యాద కోసం పెట్టిన పెట్టె, కదిపీ కదపని నాబు, ఆయుధపూజ, కుంకుమ బొట్లు అన్నీ చెప్పేశాడు.

"అంతకుముందు ఆరేళ్లూ నేను తిప్పినవి?"

"దేనికీ తగల్లేదండీ."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ లేదండీ."

"నేను ఇంట్లో స్పీకర్లు మార్చానండీ" అన్నారు ఆవిడ. "రెండుసార్లు మార్చాను. చెవి డాక్టరు దగ్గరకి కూడా వెళ్లొచ్చాను. మీరు కాఫీ ఇచ్చి, అమ్మా అని పిలిచి, ఇలా చేస్తారా అండీ?"

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కుర్చీలో కూర్చుని చీరచెంగు నడుముకి దోపారు. "మీరు లేచి సోఫాలో కూర్చోండి. మాస్టారూ, మీరు కూడా నోరు మెదపకండి." నాక్కూడా తగిలింది, తగలాల్సిందే.

ముందు బేసు తీసేశారు. పాట కుండలోంచి బయటికొచ్చింది. మధ్య నాబు పట్టుకుని కొంచెం పైకి, మళ్లీ కొంచెం కిందికి. ఈలోగా గూడ్సు వచ్చింది. చెయ్యి నాబు మీదే ఉంచి, అది పూర్తిగా వెళ్లేదాకా ఆగారు. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పారు. అప్పుడొచ్చింది ఆ గొంతు, జీరతో, పదునుతో, ఎక్కడా చెక్కకుండా. నాకు సంతోషంతో పాటు, ఇన్నాళ్లూ దీన్ని దాచినవాళ్లలో నేనూ ఒకణ్ణే కదా అని సిగ్గేసింది.

అయిదుకి మూడు నిమిషాలుందనగా పాట వెళ్లింది. అయిదున్నరకి ఫోనొచ్చింది. "ఇదేనండీ. మిగతా తొమ్మిదీ ఇలాగే కానివ్వండి." రమణగారు ఫోను రెండు చేతులతో పట్టుకుని, "అంతా ప్రసూనగారి చేతిపనేనండీ" అని మూడుసార్లు చెప్పాడు. అవతలాయనకి అర్థమయ్యిందో లేదో.

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"రమణగారూ, అందరికీ నచ్చింది సరేనండీ. మీకు నచ్చిందా?"

బ్రహ్మాండం అంటాడని నేను పందెం కాయడానికి సిద్ధంగా ఉన్నాను.

"లేదండీ" అన్నాడు. "నాకు నచ్చలేదండీ. ఆ జీర నా చెవికి గుచ్చుకుంటోందండీ. మొదటి రోజు నుంచీ నాకు నచ్చలేదండీ."

ప్రసూనగారు ఆయన వైపు తేరిపార చూశారు.

"ఈ ముక్క మొదటి రోజే అనుంటే, ఆరేళ్ల కిందటే ఇంకో స్టూడియో చూసుకునేదాన్ని కదండీ" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.